అటక మీది ఆటపెట్టె: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

మూడు నెలల క్రితం ఈ శీర్షికలో పాత రేడియోల మరమ్మతు గురించి రాస్తూ, 1990లలో తిరుపతి సందుల్లో గంటకు ఇంతని పుచ్చుకొని టీవీ గేములు ఆడించిన గదులను ఒకే ఒక్క వాక్యంలో తలచుకున్నాను. రేడియోల మీద నాలుగు ఉత్తరాలు వచ్చాయి. ఆ ఒక్క వాక్యం మీద వచ్చినవాటిని ఇంకా చదువుతూనే ఉన్నాను. అందుకని ఈసారి పేజీలన్నీ ఆ ఆటపెట్టెలకూ, వాటితోపాటు అటకెక్కిన తొలినాటి ఇంటి కంప్యూటర్లకూ ఇచ్చేస్తున్నాను. ఉత్తరాలు రాసినవారిలో సగం మంది తమ దగ్గరున్న పెట్టెకు ఇప్పుడు ఎంత ధర పలుకుతుందని అడిగారు. నాకు వాటిని మళ్ళీ ఆడించడం మీద ఉన్న ఆసక్తి అమ్మడం మీద లేదు కనుక ఆ ప్రశ్నలను పక్కన పెట్టాను, మన్నించాలి.

ప్రశ్న: మా అబ్బాయి నా ఫోనులో పాత మారియో ఆట పెట్టి ఇచ్చాడు. చిన్నప్పుడు కళ్ళు మూసుకొని దాటిన గుంటల్లో ఇప్పుడు ప్రతిసారీ పడిపోతున్నాను. మారియో నా వేలికంటే ముందే పరుగెడుతున్నాడు, వెనక వచ్చే పాట కూడా తొందరగా వినిపిస్తోంది. మావాడు "నాన్నా, నీకు వయసైపోయింది" అంటున్నాడు. ఆట మారిందా, నేను మారానా?
– ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ఆట వేగమే మారింది. ఈ పేజీ మీ అబ్బాయి చేత చదివించండి.

మారియో ఆట పుట్టిన యంత్రం నింటెండో సంస్థ 1983 జూలైలో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్. అక్కడి ఎన్‌టీఎస్‌సీ పద్ధతి టీవీలు సెకనుకు దాదాపు 60 సార్లు తెరను గీస్తాయి. మన దూరదర్శన్ ఎంచుకున్న పాల్ పద్ధతిలో ఆ లెక్క 50. ఆ యంత్రంలో ఆట నడకంతా తెర గీతతోనే ముడిపడి ఉంటుంది. తెర ఒకసారి గీసినప్పుడల్లా ఆట ఒక అడుగు ముందుకు పడుతుంది తప్ప, లోపల వేరే గడియారమేదీ నడవదు. మన ఊళ్ళకు వచ్చినవి ఎక్కువగా ఫ్యామికామ్‌కు నకలుగా తైవాన్, చైనాలలో తయారైన పెట్టెలు. వాటిని మన టీవీలకు పనికివచ్చేలా సెకనుకు 50 సార్లు గీసేటట్టు మలిచారు కాని, క్యాసెట్లలో పోసిన ఆటలు చాలావరకు 60 లెక్కకు రాసినవే. దానితో, జపాన్ పిల్లవాడికి 60 సెకన్లలో అయిపోయే పని మనకు 72 సెకన్లు పట్టేది. మీ వేళ్ళు నేర్చుకున్నది ఆ నిదానాన్నే.

పాట సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఒక్కొక్క స్వరం ఎంతసేపు మోగాలన్నది కూడా తెర గీతల లెక్కే కాబట్టి నడక మందగించింది. స్వరస్థాయి మాత్రం ప్రాసెసర్ వేగం మీద ఆధారపడుతుంది. అది అసలు యంత్రంలో 1.79 మెగాహెర్ట్జ్, పాల్ నకళ్ళలో 1.77 మెగాహెర్ట్జ్ కనుక చెవికి తేడా తెలియదు. కచేరీ భాషలో చెప్పాలంటే శ్రుతి చెదరలేదు, కాలం తగ్గింది. మనం పెరిగింది విలంబకాలపు మారియోతో.

ఉత్తరం చదివాక నేనూ ఊరుకోలేక పాత పెట్టెను మా ఇంటి డబ్బా టీవీకి కలిపి, పక్కన ల్యాప్‌టాప్‌లో అదే ఆట పెట్టుకొని కూర్చున్నాను. మొదటి దశలో తెర పైన 400 నుంచి తగ్గుతూ వచ్చే అంకె ఉంటుంది కదా, మారియోను కదలనివ్వకుండా దాన్ని చేతి గడియారంతో పోల్చి చూశాను. ఆ అంకెలో 100 తగ్గడానికి ల్యాప్‌టాప్‌లో 40 సెకన్లు పట్టింది, డబ్బా టీవీలో 48. మా ఆవిడ కాఫీ తెచ్చి, కదలని మారియోను గడియారం పట్టుకొని చూస్తున్న నన్ను కాసేపు చూసి, ఏమీ అడగకుండానే వెళ్ళిపోయింది.

దీనికి మందు ఉంది. పాత యంత్రంలా నటించే ప్రోగ్రాములను ఎమ్యులేటర్లు అంటారు. ఎఫ్‌సీఈయూఎక్స్ వంటి ఉచిత ఎమ్యులేటరును కంప్యూటరులో పెట్టుకుంటే, ప్రాంతం ఎంచుకొనే చోట ఎన్‌టీఎస్‌సీ, పాల్‌తోపాటు "డెండీ" అన్న పేరు కూడా కనిపిస్తుంది. డెండీ 1992 చివర రష్యాలో అమ్మకానికి వచ్చిన నకలు పెట్టె. మన పెట్టెల నడకా దాని నడకా ఒకటే. దాన్ని ఎంచుకోండి, గుంటలు అవే దాటిపోతాయి. ఫోనులో పనిచేసే ఎమ్యులేటర్లలో చాలావాటికి ఈ ఏర్పాటు ఉండదు.

ప్రశ్న: పిట్టలను కాల్చే ఆట కోసం ప్లాస్టిక్ తుపాకీ ఉన్న పాత గేము మా దగ్గర ఉంది. కొత్త ఎల్‌ఈడీ టీవీకి పెడితే బొమ్మ బాగానే వస్తోంది కాని ఒక్క పిట్టా పడటం లేదు. రిపేరు దుకాణంలో చూపిస్తే తుపాకీ లోపలి కన్ను పోయిందని చెప్పి, మార్చామని డబ్బు తీసుకున్నారు. అయినా అంతే.
– ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: ఆ కన్ను మొదట కూడా బాగానే ఉండి ఉంటుందని నా అనుమానం. లోపం తుపాకీలో కాదు, టీవీలో ఉంది. అది కూడా లోపం అనడానికి లేదు.

మనం అనుకున్నట్టు ఆ తుపాకీ నుంచి తెర మీదికి ఏదీ వెళ్ళదు. తెర మీది వెలుగును చూసే చిన్న కన్ను మాత్రమే దాని గొట్టంలో ఉంటుంది. మీరు మీట నొక్కగానే ఆట ఒక్క క్షణం తెరను పూర్తిగా నల్లగా చేసి, ఆ వెంటనే పిట్ట ఉన్న చోట తెల్లని చదరం గీస్తుంది. రెండు పిట్టలుంటే ఒకదాని తర్వాత ఒకటిగా గీస్తుంది. ముందు చీకటినీ, వెనువెంటనే వెలుగునూ తుపాకీ చూస్తే పిట్ట పడినట్టు. ట్యూబ్‌లైటుకు గురిపెట్టి మోసం చేద్దామని చిన్నప్పుడు మేము ఎంత ప్రయత్నించినా కుదరకపోవడానికి కారణం ఆ ముందటి చీకటే. ఇదంతా సెకనులో యాభయ్యో వంతు లెక్కల్లో జరిగిపోతుంది. పిక్చర్ ట్యూబ్ టీవీ సంకేతం అందిన క్షణంలోనే గీస్తుంది. ఎల్‌ఈడీ టీవీ మాత్రం బొమ్మను ముందు లోపలికి తీసుకొని, సవరించి, ఆ తర్వాత చూపిస్తుంది. ఆ కాస్త ఆలస్యానికే ఆట "తప్పింది" అని తీర్పు చెప్పేస్తుంది. పైగా ఆ తుపాకీ సర్క్యూటును ట్యూబు టీవీ గీతల వేగానికి, అంటే సెకనుకు సుమారు 15 వేల మిణుకులకు స్పందించేలా అమర్చారు. ఎల్‌ఈడీ తెర వెలుగులో ఆ మిణుకు ఉండదు.

కాబట్టి మీకు కావలసింది డబ్బా టీవీ. ఇప్పుడు వాటిని అడిగేవారు లేరు, పాత సామాన్ల దుకాణాల్లో బరువు లెక్కన పడి ఉన్నాయి. పనిచేసేది కనబడితే తెచ్చుకోండి. దాని వెనక మూత మాత్రం మీరు విప్పవద్దు. స్విచ్చు తీసేసి ప్లగ్గు పీకినా ట్యూబులో వేల వోల్టుల విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. అది తెలిసిన మెకానిక్ చేయవలసిన పని.

ప్రశ్న: క్యాసెట్ పెడితే తెరంతా గళ్ళు గళ్ళుగా వస్తోంది. పూర్వంలా ఊది పెట్టినా లాభం లేదు.
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: ఇకమీద ఊదకండి. లోపల టేపు లేకపోయినా దాన్ని మనమంతా క్యాసెట్ అనే పిలిచాం, ఊదితే బాగవుతుందనీ మనమంతా నమ్మాం. నిజానికి బాగుచేసింది ఊదడం కాదు, తీసి మళ్ళీ పెట్టడం. ఊపిరిలోని తడి రాగి పిన్నులను మెల్లగా తినేస్తుంది. ఎలక్ట్రానిక్స్ సామాన్ల దుకాణంలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడిగి తీసుకోండి. చెవులు తుడుచుకొనే దూదిపుల్లను అందులో ముంచి, దూది మీద నలుపు రావడం మానేదాకా పిన్నులను తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి పెట్టండి.

పనిలో పనిగా అడాప్టరు కూడా చూసుకోండి. ఈ పెట్టెల్లో చాలావాటికి 9 వోల్టుల డీసీ కావాలి, అదీ చాలాసార్లు పిన్ను మధ్యలో నెగెటివ్ ఉన్నది. బజారులో దొరికే అడాప్టర్లు ఎక్కువగా దానికి విరుద్ధంగా, మధ్యలో పాజిటివ్‌తో ఉంటాయి. పెట్టె అడుగున ఉన్న గుర్తును చూడకుండా, చేతికందిన అడాప్టరు గుచ్చి నేనే ఒక మంచి పెట్టెను కాల్చుకున్నాను. లోపల విడివిడి ఐసీలకు బదులు నల్లని జిగురు బొట్టు కింద మొత్తం యంత్రాన్ని కుక్కిన రకం అది. ఆ బొట్టు మాడితే బ్రహ్మ దిగివచ్చినా అతకలేడు.

ప్రశ్న: మా నాయన చిత్తూరులో లెక్కల మాస్టరు. 1987లో చిన్న నల్లని కంప్యూటరు కొన్నారు. టీవీకీ, టేప్‌రికార్డరుకూ కలిపి వాడేవారు. మేము ఆటలు ఆడేవాళ్ళం, ఆయన రాత్రుళ్ళు కూర్చొని ఏవో పాఠాలు రాసేవారు. ఆయన పోయి రెండేళ్ళయింది. ఇల్లు సర్దుతుంటే కంప్యూటరు, 11 క్యాసెట్లు దొరికాయి. కొన్నిటి మీద ఆయన చేతిరాతతో "లెక్కలు 1", "లెక్కలు 2" అని ఉంది. వాటిని చూడగలమా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అమ్మా, మీరు పంపిన ఫోటోను బట్టి అది స్పెక్ట్రమ్ ప్లస్. ఇంగ్లండులో సింక్లెయిర్ సంస్థ 1982లో తెచ్చిన స్పెక్ట్రమ్‌కు తర్వాతి రూపం. పూణేకు చెందిన డెసిబెల్స్ సంస్థ లైసెన్సు తీసుకొని దాన్ని మన దేశంలో అమ్మింది. 48 కిలోబైట్ల జ్ఞాపకశక్తి, జెడ్80 ప్రాసెసర్. ఆటలైతే ఎక్కడైనా దొరుకుతాయి గాని మీ నాయన రాసినవి ఈ క్యాసెట్లలో తప్ప లోకంలో మరెక్కడా ఉండవు. అందువల్ల కంప్యూటరు జోలికి ఇప్పుడే పోవద్దు. ముందు టేపుల సంగతి చూద్దాం.

ఏ క్యాసెట్టునూ ఆత్రంగా టేప్‌రికార్డరులో పెట్టి నొక్కకండి. వెలుతురులో పట్టుకొని చూడండి. టేపు అంచున తెల్లని బూజు కనబడితే దాన్ని పక్కన పెట్టండి, అది తెలిసినవారు శుభ్రం చేయాలి. బూజు లేనివాటిని ఒకసారి చివరిదాకా, మళ్ళీ మొదటిదాకా చుట్టండి. టేపు వెనక స్పాంజి ముక్కలాంటి చిన్న మెత్త ఉంటుంది, అది ఊడిపోయిందేమో చూడండి. టేప్‌రికార్డరు తలను ఆల్కహాలుతో తుడవండి. లోపలి రబ్బరు బెల్టు ఇన్నేళ్ళకు జిగటగా కరిగిపోయి ఉంటుంది కాబట్టి కొత్తది వేయించాలి. ఆ తర్వాత టేప్‌రికార్డరు ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటరుకు తీగ కలిపి, మొత్తం శబ్దాన్ని వేవ్ ఫైలుగా రికార్డు చేయండి. ఎంపీ3గా మాత్రం వద్దు. పాటకైతే చెల్లుతుంది కాని, కుదింపులో ఈ శబ్దం అంచులు చెదిరితే ప్రోగ్రామే చెదిరిపోతుంది.

వినిపించేది ఏమిటో మీకు గుర్తుండే ఉంటుంది. ముందు కొన్ని సెకన్లపాటు ఒకటే పొడుగాటి కూత, ఆపైన గరగరమనే అరుపు. కూత వస్తున్నంతసేపూ తెర అంచున ఎరుపు, లేతనీలం చారలు దొర్లుతాయి. అరుపు మొదలయ్యాక అవి నీలం, పసుపు చారలుగా సన్నబడతాయి. ఆ అరుపే మీ నాయన ప్రోగ్రాము. సెకనుకు దాదాపు 1500 బిట్ల చొప్పున వస్తుంది కాబట్టి యంత్రం నిండా ఉన్న ఆట ఎక్కడానికి నాలుగైదు నిమిషాలు పట్టేది, లెక్కల పాఠాలు అంతకంటే త్వరగానే ఎక్కుతాయి.

రికార్డు చేసిన ఫైలును ఫ్యూజ్ అనే ఉచిత స్పెక్ట్రమ్ ఎమ్యులేటరులో పెట్టవచ్చు. ఇందులో చట్టపరమైన సందేహమేదీ పెట్టుకోనక్కరలేదు. 1986లో సింక్లెయిర్ కంప్యూటర్ల వ్యాపారాన్ని కొనుక్కున్న ఆమ్‌స్ట్రాడ్ సంస్థ, ఆ యంత్రాల లోపలి రోమ్ చిప్పులో ఉండే శాశ్వత ప్రోగ్రామును ఎమ్యులేటర్లతోపాటు పంచుకోవడానికి 1999లోనే అనుమతి ఇచ్చింది. జే మీట నొక్కితే "లోడ్" అన్న మాట మొత్తంగా వస్తుంది. సింబల్ షిఫ్ట్ పట్టుకొని పీ రెండుసార్లు నొక్కితే కొటేషన్ గుర్తులు వస్తాయి. ఆపైన ఎంటర్. ఎక్కగానే తనంతట తాను మొదలైపోయే ప్రోగ్రామైతే, "లోడ్"కు బదులు "మెర్జ్" ఆదేశం వాడండి. అప్పుడది నడవకుండా నిలబడుతుంది, "లిస్ట్" అంటే వరుస వరుసగా చదువుకోవచ్చు.

ప్రతి ప్రోగ్రాముకూ ముందు 10 అక్షరాలకు మించని పేరు ఒక చిన్న తునకగా రికార్డయి ఉంటుంది. మిగతా టేపు పాడైనా సరే, ఆ తునక బాగుంటే ఆయన టైపు చేసిన పేరు తెర మీద కనిపిస్తుంది. తర్వాత "టేప్ లోడింగ్ ఎర్రర్" అని వస్తే పోయిందనుకోకండి. శబ్దం కొంచెం పెంచో తగ్గించో మళ్ళీ రికార్డు చేయండి. టేపు తల పక్కన ఉండే చిన్న మరను కూత అన్నిటికంటే పదునుగా వినిపించేదాకా కొద్దికొద్దిగా తిప్పి చూడండి. ఈ టేపులను చదవడంలో సగం పని ఆ మరదే. దీనికి స్క్రూడ్రైవరు తప్ప ఖర్చు లేదు. 11 క్యాసెట్లూ అయ్యాక ఏమేమి దొరికాయో నాకు రాయండి.

ప్రశ్న: మా బడిలో 1980లలో ఒక గదిలో కంప్యూటర్లు ఉండేవి. చెప్పులు బయట విడిచి వెళ్ళేవాళ్ళం. వాటి మీద గుడ్లగూబ బొమ్మ, బీబీసీ అన్న అక్షరాలు ఉండేవి. వార్తలు చెప్పే బీబీసీయేనా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: అదే. ప్రజలకు కంప్యూటర్ నేర్పే కార్యక్రమం కోసం బీబీసీ తన పేరుతో ఒక యంత్రం కావాలనుకుంటే, కేంబ్రిడ్జిలోని ఏకార్న్ సంస్థ 1981లో తయారుచేసి ఇచ్చింది. మన కేంద్ర ప్రభుత్వం 1984-85లో "క్లాస్" అనే పథకం కింద ఎంపిక చేసిన పాఠశాలలకు ఇచ్చినవి ఇవే. దుమ్ము పడకూడదని చెప్పులు విడిపించారు కాని, గోవిందరాజస్వామి గుడి నీడన పెరిగిన పిల్లలకు ఆ పద్ధతి ఎవరూ వేరుగా నేర్పవలసిన పని లేదు. ఆ యంత్రం మీద పనిచేసిన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ ఆ తర్వాత రూపొందించిన ప్రాసెసరే ఆర్మ్. 1985లో వచ్చిన దాని తొలి చిప్పును ఈ బీబీసీ యంత్రానికే తగిలించి పరీక్షించారు. ఇవాళ మీ జేబులోని ఫోనులో ఉన్నది ఆ వంశమే.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. మారియో ఆట మొత్తం 40 కేబీ అని మా మామయ్య చెప్పాడు. నా ఫోనులో ఒక్క ఫోటోయే అంతకన్నా చాలా పెద్దది. ఎలా సాధ్యం?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: మామయ్య సరిగ్గానే చెప్పాడమ్మా. 32 కేబీ ఆట నడిపే ఆదేశాలకు, 8 కేబీ బొమ్మలకు. ఆటలో బొమ్మలు ఫోటోల్లా ఉండవు, 8 చుక్కల చదరపు పలకలను ముగ్గుల్లా పేర్చి తెరంతా నింపుతారు. ఒకే పలకను ఎన్ని చోట్ల వాడుకుంటే అంత పొదుపు. ఈసారి ఆడేటప్పుడు ఆకాశంలోని మేఘాన్నీ, నేల మీది పొదనూ పక్కపక్కన పెట్టి చూడు. రెండూ ఒకే బొమ్మ, తెలుపు వేస్తే మేఘం, ఆకుపచ్చ వేస్తే పొద. మీ అవ్వ ఒక చీరతో పరుపు కప్పి, మిగిలిన దానితో దిండు గలీబు కుట్టినట్టు.

ప్రశ్న: మా పాత 386 కంప్యూటరు ఇరవై ఏళ్ళుగా మూలన ఉంది. అందులో రాకుమారుడు రాజకుమార్తెను గంటలోగా కాపాడే "ప్రిన్స్ ఆఫ్ పర్షియా" ఆడేవాళ్ళం. స్విచ్చు వేయవచ్చా?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: వేయవద్దు. ముందు మూత తీసి, మదర్‌బోర్డు మీద చిన్న పీపాలాంటి బ్యాటరీ ఉందేమో చూడండి. తేదీ, సమయం మరచిపోకుండా ఉండటానికి పెట్టిన ఆ నికెల్ కాడ్మియం బ్యాటరీలు ఇన్నేళ్ళకు కారి, చుట్టూ ఉన్న రాగి గీతలను పచ్చగా తినేస్తాయి. ఆ కాలపు బోర్డులు చచ్చేది ఎక్కువగా దీనివల్లే. బ్యాటరీని కత్తిరించి తీసేసి, పచ్చదనం మీద వెనిగరు అద్ది, ఆపైన ఆల్కహాలుతో తుడిచి, ఒక రోజంతా ఆరనివ్వండి.

ఆ ఆట జోర్డన్ మెక్‌నర్ ఒక్కడు యాపిల్ 2 కంప్యూటరు కోసం రాసి 1989లో పూర్తిచేసినది. రాకుమారుడు అంత సహజంగా దూకడానికి కారణం, తమ్ముడి చేత పరుగులు పెట్టించి, దూకించి, వీడియో తీసి, ఆ కదలికలను ఒక్కొక్కటిగా గీసుకోవడం. ఆ ఆట మూల ప్రోగ్రాము చాలాకాలం కనబడకుండా పోయి, 2012లో వాళ్ళ నాన్నగారికి ఇంట్లో ఒక పెట్టెలో ఫ్లాపీల రూపంలో దొరికింది. మెక్‌నర్ వాటిలోని ప్రోగ్రామును జాగ్రత్తగా చదివించి, ఆ ఏడాదే అందరికీ తెరిచి ఇచ్చాడు. ఈ ఉత్తరాలు చదువుతుంటే అటకలన్నీ ఒకటేనని తోస్తోంది.

ప్రశ్న: మా ఆయన పాత టీవీ గేము దింపి, తుడిచి, హాల్లో పెట్టారు. దానికోసం ఒక డబ్బా టీవీ కూడా తెచ్చారు. ఇల్లు ఇరుకు. పారేయమని మీరైనా చెప్పండి.
– ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: మీరు ఈ ఉత్తరం పంపవలసిన చిరునామా ఇది కాదమ్మా, పై జవాబులు చదివితే నేను ఎవరి పక్షమో మీకు తెలిసిపోయి ఉంటుంది. టీవీని గోడ మూలకు జరిపించండి, ఆదివారం ఒక గంట ఇద్దరు ఆడే ఆట పెట్టమనండి. ఆయన మీకు రెండో రిమోట్ ఇస్తారు, తీసుకోవద్దు. అసలు ఫ్యామికామ్ నుంచి ఈ నకళ్ళ దాకా చాలావాటిలో రెండో రిమోట్‌కు స్టార్ట్ బటన్ ఉండదు. ఆట ఆపాలన్నా, మొదలుపెట్టాలన్నా మొదటి రిమోట్ పట్టుకున్నవారి చేతిలోనే ఉంటుంది. అది అడిగి పుచ్చుకోండి.